రెండవ లోలకు (టీకా తాత్పర్య సహితం)

మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని మాట ఇచ్చి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు కోలాచల మల్లినాథసూరి. మెదక్ సీమ మనిషి, మాట నిలబెట్టుకున్నాడు. ఆయనకు దొరికిన మూలం మేఘసందేశం. నాకు దొరికినది కరెంటు బిల్లు వెనక రాసిన ఒక ఆటవెలది. మూలం ఎంత చిన్నదైతే వ్యాఖ్య అంత పెద్దదిగా ఉండాలన్నది మా ఇంటి సంప్రదాయం.

రాగి తీఁగఁ దెచ్చి రమణి రెండుగఁ గోసి
పట్టకారు ముక్కుఁ బట్టి చుట్టి
ఒకటి చేసె నంత నొప్పెను జెవిఁ గాని
రెండవదియు దాని రీతిఁ గాదు

అవతారిక: వేసవి సెలవుల్లో భోజనాల బల్ల మీద ఒక కన్య ఫోన్లో వీడియో చూస్తూ లోలకులు చేయబూనగా, పక్కన కాఫీ తాగుతున్న కవి ఆశువుగా చెప్పినది. కవి ఆమె తండ్రేననీ, ఈ వ్యాఖ్యాత కూడా అతడేననీ గిట్టనివారు అంటారు. గిట్టనివారిలో కవి భార్య ఒకరు.

రాగి తీఁగన్ = రాగి తీగను. కవి తీగ మందం చెప్పలేదు. కవి చెప్పని చోటే కదా వ్యాఖ్యాతకు అన్నం. చెవికి తగిలించే కొక్కేనికి 20 గేజి తీగ కావాలి, పూసలు గుచ్చడానికి ఇంకా సన్నం, 22 గాని 24 గాని. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడడం లోకవిరుద్ధం కాదా అని శంక. కాదు. కంసాలి కమ్మచ్చు బెజ్జాల్లోంచి తీగ లాగడం చూసినవారికి ఈ శంక రాదు. ఎన్ని బెజ్జాలు దాటితే అంత సన్నం, అంత పెద్ద అంకె. అసలు తిరకాసు మరొకటి ఉంది. బ్రిటిషు కొలతలో 20 అంటే 0.91 మిల్లీమీటరు, అమెరికా కొలతలో 0.81. వైండింగ్ దుకాణంలో కొన్న తీగా, ఆన్‌లైన్లో తెప్పించిన తీగా ఒకే అంకె పెట్టుకుని కూడా పొసగకపోవడం అందుకే. పైగా వైండింగ్ తీగ మెరుపు రాగిది కాదు, పైనున్న ఎనామిల్ పూతది. మోటారుకు అది కవచం, మనకు ఒలిచిపారేయవలసిన తొక్క.

రాగే ఎందుకు? చెప్పినట్టు వంగుతుంది, పాడుచేసినా ఎవరూ తిట్టరు. అయితే చెమట తగిలితే చిలుము పట్టి తమ్మె మీద పచ్చని మరక వేస్తుంది. అందుకని తెలిసినవాళ్లు కిందికి వేలాడే భాగం రాగితో చేసి, తమ్మెలో దూరే కొక్కెం మాత్రం వెండితో చేస్తారు. తెల్లనివన్నీ పాలు కానట్టే తెల్లని తీగలన్నీ వెండి కావు. నికెల్ కలిసిన తీగైతే కొందరికి చెవి దురదపెట్టి పుండు పడుతుంది. కవి ఈ సంగతి వదిలేశాడు. ఛందస్సులో ఇమడక కాదు, తెలియక.

రమణి = సుందరి. కూతురిని రమణి అనడం అనౌచిత్యం కదా అని ఆక్షేపణ. ఆక్షేపించినది కూతురే.

"నాన్నా, రమణి ఎవరు?"

"నువ్వేనమ్మా. రాగితో మొదలుపెట్టాను కదా, యతికి రకారం కావాలి."

"వెండి అయితే?"

"వెలది అయ్యేదానివి."

ఆమె తృప్తి పడినట్టు లేదు.

రెండుగన్ + కోసి = రెండు సమానమైన ముక్కలు చేసి. 'సమానమైన' అన్నది మూలంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి. తీగలు రెండూ పక్కపక్కన పెట్టి ఒకే కత్తింపుతో తెంపాలి, కొక్కేనికైతే ఒక్కొక్కటి రెండంగుళాలు. ఆ తర్వాత కూడా ఒక వంపు దీనికి, అదే వంపు దానికి, ఇలా రెండింటినీ కవలపిల్లల్లా కలిపి పెంచాలి. మన నాయిక చేసినది వేరు. ఒకటి తెంపి, వంచి, చెవికి పెట్టుకుని, అద్దంలో చూసుకుని, ఫోటో తీసి స్నేహితురాళ్లకు పంపి, వాళ్ల మెప్పు అందాక రెండోదానికి తీగ కొలిచింది. అప్పటికే చుట్ట అయిపోయిన తీగ పొడవు ఎంతో ఎవరు చెప్పగలరు? కాబట్టి 'రెండుగఁ గోసి' అన్నది కేవలం కవిసమయం. చకోరం వెన్నెల తాగడం లాంటిది.

పట్టకారు ముక్కున్ + పట్టి = పట్టకారు ముక్కుతో పట్టుకుని. పట్టకారంటే పాలగిన్నె దించేది కాదు. గుండ్రముక్కు ప్లేయర్. చెవి నగలో ముక్కు ప్రసక్తి ఏమిటని నవ్వేవారు నవ్వవచ్చు గాని, పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. ఆ ముక్కు మొదట లావు, కొస సన్నం. మొదట్లో చుడితే పెద్ద సుడి, కొసన చుడితే చిన్న సుడి. 3 మిల్లీమీటర్ల సుడికి 9 మిల్లీమీటర్ల పైచిలుకు తీగ పడుతుంది. మొదటి లోలకుకు ముక్కు మీద ఎక్కడ పట్టారో రెండోదానికీ అక్కడే పట్టాలి, వెంట్రుకవాసి జరిగినా సుడి మారిపోతుంది. దానికి ఉపాయం ఉంది. మార్కర్ పెన్నుతో ముక్కు మీద ఒక గీత గీసుకోవడమే. మా ఇంట్లో మొదట వాడినది నా కటింగ్ ప్లేయర్. దానికి ఉన్నది ముక్కు కాదు, నోరు. తీగ నిండా పంటిగాట్లు.

చుట్టి = చుట్టబెట్టి. 'చుట్టి' అన్నాడే గాని, 'చుట్టి, విప్పి, మళ్లీ చుట్టి' అనలేదు. రాగికి ఓర్పు తక్కువ. వంచిన ప్రతిసారీ బిర్రబిగుస్తుంది, నాలుగైదుసార్లు దిద్దబోతే పుటుక్కుమంటుంది. ఎర్రగా కాచి చల్లారిస్తే అలక తీరి మళ్లీ మెత్తబడుతుంది. ఆ బిగువే ఒకచోట పనికొస్తుంది. కొక్కెం వంపును చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు మెల్లగా తడితే సాగిపోకుండా నిలుస్తుంది. తెంపిన కొసను ఆకురాయితో రుద్దాలన్నది పద్యంలో లేదు. తమ్మె గుర్తుచేస్తుంది.

చెవిన్ + ఒప్పెను = చెవికి నప్పింది. ఇందులో వివాదం లేదు, నిజంగానే నప్పింది. ప్రసంగవశాత్తు ఒక మాట. కమ్మ అంటే చెవి నగ, కమ్మ అంటే తాటాకు. తమిళులకూ ఓలై అంటే ఈ రెండూను. తాటాకు చుట్టి తమ్మెలో దూర్చుకున్న కాలం ఆ మాటలో ఇంకా చుట్టుకుని ఉంది. ఆకు తనంత తానే విచ్చుకుని బెజ్జానికి సరిపడా నిలిచేది. ఆ తల్లికి గేజీ లేదు, గీతా లేదు.

రెండవదియు, దాని రీతిన్ + కాదు. పూర్వపక్షం: 'యు' పాదపూరణానికి పడినది, అర్థం లేదు. సిద్ధాంతం: అర్థం ఉంది. 'దాని' అంటే మొదటి లోలకు అని తొందరపడకూడదు. వీడియోలో చూపినదాని అని చెప్పుకోవాలి. మొదటిదీ దాని రీతి కాలేదు, రెండవదియు కాలేదు. ఇప్పుడు 'యు' సార్థకం. ఈ వ్యాఖ్యానం విని నాయిక లేచి వెళ్లిపోయింది, కాసేపటికి తీగ కోసం తిరిగి వచ్చింది.

'రీతి రాదు' అని పాఠాంతరం. కవి భార్య వంటింట్లోంచి చదివే పాఠం ఇదే. గణభంగం లేదు, కాని అందులో 'మీకూ రాదు' అన్న ధ్వని ఉన్నందున వ్యాఖ్యాత పరిహరించాడు.

మరి ఇది ఖేదవాక్యమా, విధివాక్యమా? తీగ అదే, చెయ్యి అదే, ముక్కు అదే, కారణాలన్నీ ఉండి కార్యం కుదరలేదు గనుక విశేషోక్తి, ఖేదమే అన్నారు ఆలంకారికులు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. తర్వాత ఆ రెండింటినీ ఆమె చెవుల దగ్గర పెట్టి చూశాను. లోలకు కింద జిలేబీ చుట్టు ఉంది. మొదటిది కుడికి తిరిగింది, రెండవది కూడా కుడికే తిరిగింది. చెవులు ఒకదానికొకటి అద్దంలో బింబాలు. రెండవదాన్ని ఎడమకు తిప్పి ఉండాలి! వెనక్కి తిరగేస్తే సరిపోదా అని శంక. చదును చుట్టయితే సరిపోతుంది, కాని ఈమె నడుమ ముందువైపున ఒక ఎర్రపూస బిగించింది, తిరగేస్తే పూస మెడ వైపుకు పోతుంది. కాబట్టి రెండవది మొదటిదాని రీతిగా ఉండనే కూడదు. 'కాదు' అన్నది విధి. కవికి తెలియకుండానే కవి నోట శాస్త్రం పలికింది.

తాత్పర్యం: అమ్మాయి ఒక లోలకు బాగా చేసింది, రెండోది కుదరలేదు.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని ముమ్మారు చదివి, తీగను ముందే కొలిచి, ఎడమకు చుట్టినవారికి మూడవది మొదటిదానితో జత కలుస్తుంది. మా ఇంట్లో కలిసింది, సోమవారం కాలేజీకి వెళ్లింది కూడా. రెండవది ఎర్రపూసతో సహా నా స్కూటరు తాళానికి వేలాడుతోంది.