ఆదివార వాక్యం: టీకాతాత్పర్య సహితం

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరిది మెతుకుసీమలోని కొల్చారం అంటారు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ముందే మాట ఇచ్చి మరీ కలం పట్టాడాయన. ఆయన కంట పడని వాక్యం ఒకటి మిగిలిపోయింది. ఏటా జులైలో తెలుగు ఇళ్లలో వినబడేదే. దాన్ని వ్యాఖ్యానించేవాడు మాత్రం ఆ రెండు మాటలూ తప్పక తప్పదు.

మూలం: “ఆ పని ఆదివారం తీరిగ్గా కూర్చుని చూద్దాంలే.”

అవతారిక: ఆఫీసువాళ్లు ఫారం-16 ఇచ్చి నెల దాటింది. “ఏమండీ, ఆ రిటర్ను సంగతి ఏం చేశారు?” అని ఇల్లాలు అడగ్గా, గృహస్థు ఫోనులోంచి తలెత్తకుండా పలికినది.

ప్రతిపదార్థం: ఆ పని = ఆదాయపు పన్ను రిటర్ను వేయుట. పేరెత్తడానికి కూడా నోరు రాలేదని గ్రహించాలి. ఆదివారం = ఏ ఆదివారమో కవి చెప్పలేదు. హైదరాబాదు కవి అయితే ఆషాఢ ఆదివారాలు లష్కర్, లాల్‌దర్వాజా బోనాలకు పోతాయి. శ్రావణం వచ్చిందా, పెళ్లిపిలుపులు సిద్ధం. తీరిగ్గా = అతిథి, క్రికెట్ మ్యాచ్, కరెంటు కోత, ఈ మూడూ లేని వేళ; అనగా దుర్లభమైన వేళ. కూర్చుని = ఇప్పుడూ కూర్చునే ఉన్నాడు, కనుక ఈ పదం పాదపూరణకే. చూద్దాం = చేద్దాం అనలేదు. పైగా పాన్ అతనిది, జీతం అతనిది, ఓటీపీ వచ్చేదీ అతని ఫోనుకే. అయినా బహువచనం వాడి ఇల్లాలిని కూడా బాధ్యురాలిని చేశాడు. లే = ఇక అడగవద్దని మనవి.

శంక: ఇతడు సోమరి కదా?

సమాధానం: కాదు. అదే సాయంత్రం మిక్సీ జార్ బ్లేడు విప్పి కడిగాడు, వంటింటి పంపుకు కొత్త వాషరు వేశాడు. సోమరికి ఇన్ని పనులు పట్టవు. వాయిదా వేసేవాడు తప్పించుకునేది పనిని కాదు, పని తలచుకోగానే గుండెలో కదిలే గుబులును. కెనడా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఫూషియా సిరోయ్, తిమొతీ పిచిల్ 2013లో రాసిన వ్యాసంలో ఈ పక్షాన్నే నిలబెట్టారు: వాయిదా అనేది కాసేపు మనసు కుదుటపరచుకునే ఉపాయం, దాని ఖర్చు రేపటి మనిషి ఖాతాలో. “చూద్దాంలే” అనగానే గృహస్థు ముఖం తేటపడటానికి కారణమిదే.

ఉపమ: ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద “ఓ స్త్రీ రేపు రా” అని సుద్దతో రాసేవారు. దయ్యం రోజూ వచ్చి చదువుకుని, మాట మీద గౌరవంతో వెనుదిరిగేదట. ఆదివార వాక్యమూ ఆ కోవకు చెందిన తలుపు రాతే. ఆదాయపు పన్ను శాఖకు మాత్రం దయ్యానికున్నంత మర్యాద లేదు. గడువు దాటితే రూ.5,000 దాకా ఆలస్య రుసుము. ఆదాయం 5 లక్షలు మించకపోతే రూ.1,000. కట్టాల్సిన పన్ను మిగిలివుంటే దానిపై నెలకు 1 శాతం వడ్డీ. అన్నింటినీ మించిన దెబ్బ మరొకటుంది: గడువు మీరిన జీతగాడు పాత పన్ను విధానం ఎంచుకోలేడు. ఎల్‌ఐసీ రసీదులు, పిల్లల ఫీజు కాగితాలు ఫైలులో భద్రంగానే ఉంటాయి, పనికిరాకుండా.

పూర్వపక్షం: ఆగినవాడు బాగుపడ్డ సందర్భాలు లేవా? ఉన్నాయి. 2025లో జులై 31 గడువు సెప్టెంబరు 15కు జరిగింది, చివర్లో ఇంకొక్క రోజు కూడా కలిసింది. వాయిదాపరుల చరిత్రలో అది స్వర్ణయుగం. అయితే వారే పాన్, ఆధార్ జోడింపు ముచ్చట కూడా చెప్పాలి. గడువు పలుమార్లు జరిగాక 2022 మార్చి 31 దాకా అది ఉచితం. తరువాత మూడు నెలలు రూ.500, ఆపైన రూ.1,000. 2023 జూన్ 30 దాటాక కలపని కార్డులు పనిచేయకుండా పోయాయి. చేయాల్సింది మాత్రం మొదటి నుంచీ ఆ కాసిని నిమిషాల పనే.

పాఠాంతరం: జర్మన్ శాస్త్రజ్ఞుడు పీటర్ గోల్‌విట్జర్ మార్గాన మూలాన్ని ఇలా సవరించవచ్చు: “ఈ ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు సింకులో పెట్టగానే ల్యాప్‌టాప్ తెరిచి, ఫారం-16 పక్కన పెట్టుకుంటాను.” ఆయన బృందం 1990లలో విద్యార్థులకు ఒక విసుగు పని అప్పగించింది: క్రిస్మస్ ముందురాత్రి ఎలా గడిచిందో 48 గంటల్లోగా రాసి పంపాలి. ఎప్పుడు, ఎక్కడ రాస్తారో ముందే నిర్ణయించుకున్నవారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది పంపారు; మిగిలినవారిలో మూడో వంతే. సవరించిన పాఠంలో ఏకవచనం వచ్చింది, తీరిక పోయింది. రిటర్ను పూర్తిచేస్తానన్న ప్రగల్భమూ లేదు. ల్యాప్‌టాప్ తెరవడానికి ఎవరికీ గుండె దడ రాదు.

తాత్పర్యం: మూలపాఠమే ప్రమాణమైతే గృహస్థు ఆదివారం రిటర్ను వేయడు. పాఠాంతరమైతే పదకొండు గంటలకల్లా వేస్తాడు. సబ్మిట్ నొక్కి లేచిపోక, 30 రోజుల్లోగా ఈ-వెరిఫై కూడా చేయాలి. లేకుంటే వేసినట్టు లెక్కకు రాదు. ఇక పోర్టల్ పాస్‌వర్డ్ ఏమిటన్నది ఏ ప్రతిలోనూ దొరకలేదు. ఇచట గ్రంథపాతము.