సంధానాచార్యుడు

వాద్యమును వాయించువారు కొందఱు, వాయింపజేయువారు కొందఱు, విని తలలూపువారు పెక్కుమంది. ఈ మూడు తెగలలో దేనికిని చెందక, ఒక వాద్యమునకును మఱియొక వాద్యమునకును నడుమ తీగ తగిల్చి, ఆ రెండును పరస్పరము పలుకరించుకొన్నవని రూఢియైనంతనే జన్మము సార్థకమైనట్లు నిట్టూర్చి, ఆ వెంటనే మూడవదానికై వెదకులాడు నాలుగవ తెగ యొకటి యీ నడుమ మన సంఘమున పుట్టి పెరుగుచున్నది. వీరిని నేను సంధానాచార్యులని పిలుతును. వీరు హైదరాబాదునను కలరు, విజయవాడనను కలరు. కాని వీరి లక్షణములన్నియు ఒక్కచో మూర్తీభవించి కానవచ్చుట మాత్రము సూరత్తు నగరమున, లింబాయత్ ప్రాంతమున, మన నేతవారి వాడలలోనే.

ఇందుకు కారణము లేకపోలేదు. చేతిమగ్గము కూడు పెట్టని కాలమున కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుండి బయలుదేరి, తపతీ తీరమున మరమగ్గముల మ్రోతలో బ్రదుకుతెరువు వెదకికొన్న పద్మశాలి కుటుంబములు అచ్చట వేలకొలదిగా స్థిరపడినవి. నగరపాలక సంస్థవారు తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడుపునంతటి జనసమూహము వారిది. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మనవారి ఆటపాటలు మొదలుకాగా, ఆ మఱునాటి నుండియే గుజరాతీయుల నవరాత్రి గర్బాలు ఆరంభమగును. సాయంకాలము ఉయ్యాల పాట, రాత్రి డాండియా. ఒకే మైదానము, అవే స్పీకర్లు, అదే కీబోర్డు. నిజమునకు బతుకమ్మకు చప్పట్లే తాళము, ఆడువారి గొంతులే శ్రుతి, మఱి యే వాద్యమును అక్కఱలేదని నా యభిప్రాయము. అయినను, ప్రక్క వీథి గర్బా మేళము నింగి ముట్టుచుండ మన పాట వినబడకపోవుట పౌరుషమునకు భంగమని కుఱ్ఱకారు తలంచుటచే, ఆ పాటకును కీబోర్డు వచ్చి చేరినది. దానివెంట ఆచార్యుడును వచ్చి చేరినాడు.

అరేంజరు కీబోర్డన నేమో యెఱుగని పాఠకులకొక మాట. ఎడమచేతితో రెండు మూడు మెట్లు నొక్కి పట్టినచో, వానికి తగిన డ్రమ్ములు, బేసు, గిటారు, వయొలిన్ల గుంపు అన్నింటిని తానే కల్పించుకొని వాయించు పెట్టె యది. ఆరంభమునకు ఇంట్రో, నడుమకు వేరియేషను, మలుపునకు ఫిల్లు, ముగింపునకు ఎండింగు, ఒక్కొక్కదాని కొక్కొక్క మీట. పదిమంది పంచుకొను పారితోషికమును ఒక్కడే పుచ్చుకొనుటకు కనిపెట్టిన యుపాయమని పాతతరపు ఆర్కెస్ట్రావారు దీనిని నిష్ఠురమాడుదురు. ఇంత చేయు పెట్టెకు వెలుపలి నుండి యింకేమి సాయము కావలయునని మీరడుగవచ్చును. ఆచార్యుని యెదుట మాత్రము అడుగకుడు. ఎడమచేయి మెట్లపైనను, కుడిచేయి రాగముపైనను ఉండగా, గర్బాకు ప్రాణమైన ఆఱు మాత్రల హించ్ నడకలో ఢోలుదెబ్బ వేయునదెవరు? శబ్దమును పెంచుటకు, తగ్గించుటకు కాలెక్కడ? అని మొదలిడి, కొట్టి వాయించు ఆక్టోపాడు, కాలిపెడలు, గుండ్రని మీటల పలక, చదరపు దిండ్ల పలక, ఊది వాయించు గొట్టము, ఇన్నింటిని ఒక్క కీబోర్డునకు తగిలింపనిదే అది వాద్యమనిపించుకొనదని తెల్లవాఱువఱకు నిరూపించును.

ఆకారమున నాతడు సామాన్యుడే. వృత్తిచే సాంచెల, అనగా మరమగ్గముల, మేస్త్రీ. పన్నెండు గంటల పాళీ ముగించుకొని వచ్చి, మగ్గము విప్పిన స్క్రూడ్రైవరుతోనే, వాద్యమునకు వాద్యమును కలుపు మిడి ప్లగ్గును విప్పును. ఆతని సంచిలో అయిదు ముళ్ల మిడి తీగలు పొడుగువి, పొట్టివి, తెగి అతికినవి, తెగుటకు సిద్ధముగా నున్నవి, ఒక ద్వారమున వచ్చినదానిని మూడు ద్వారముల వెలువరించు త్రూ డబ్బా, యు.ఎస్.బి.ని మిడిగ మార్చునది, మిడిని యు.ఎస్.బి.గ మార్చునది ఉండును. ఇవి రెండును ఒకదానికొకటి తగిలించిన నేమగునని ఒకనాడు చూచినాడనియు, ఆనాటి నుండి రెండింటిలో నొకటి పలుకుట లేదనియు ప్రతీతి.

ఆయన సిద్ధాంతము మాత్రము అపహసింపదగినది కాదు. మిడి తీగలో సంగీతము ప్రవహించునని నమ్మువారు మంచి వాద్యగాండ్రలోనే యున్నారు. వారికి ఆచార్యుడు చెప్పు సమాధానమును ఆయన మాటలలోనే వ్రాసెదను.

“ఇనుండ్రి అన్నా. తీగల పాట పోదు, హుకుం పోతది. ఏ మెట్టు, ఎంత గట్టిగ, ఎప్పుడు ఇడిసిపెట్టాలె, గంతే. జకార్డు అట్టల చీర ఉంటదా? బొక్కలుంటయి. ఆ బొక్కలను జూసి సాంచ చీర నేస్తది. గిదీ గంతే.”

ఇంతకన్న స్పష్టముగ ఈ విషయమును నాకు విడమరచిన పట్టభద్రుడు లేడు. ఆ హుకుములు సెకనుకు 31,250 బిట్ల చొప్పున, ఒక్క తీగలోనే పదునాఱు చానెళ్లుగా సాగునని, ఒక్కొక్కదాని విలువ 0 మొదలు 127 వఱకేనని ఆయన వేదమువలె వల్లించును. ప్లగ్గునందలి అయిదు ముళ్లలో పని చేయునవి మూడేయని చెప్పినప్పుడు, తక్కిన రెండును ఏల యున్నవని బతుకమ్మ వేడుక నడుపు సంఘపు కార్యదర్శి యడుగగా, “కమిటీల ఉండరా అన్నా, గట్లనే” అని యాయన సెలవిచ్చినాడట. ఆ యేడు కీబోర్డు బాడుగ సంఘమువా రీయలేదు.

వంశమునకు మూలపురుషులు భావనాఋషియైనట్లు, విద్యకు మూలపురుషులుగా నాయన యిరువురిని కొలుచును: రోలాండు సంస్థాపకుడు ఇకుతారో కాకెహాషి, సీక్వెన్షియల్ సంస్థాపకుడు డేవ్ స్మిత్. 1983 జనవరిలో అమెరికాయందు జరిగిన నామ్ వాద్యప్రదర్శనమున, పోటీదారులైన ఈ యిరువురి కంపెనీల వాద్యములు, ప్రాఫెట్-600ను, జూపిటర్-6ను, ఒక తీగతో కలిపి, ఒకదానిపై వాయించిన రెండవది పలుకునట్లు చూపినారు. మిడి యనబడు ఆ పద్ధతిని రుసుము లేకుండ లోకమునకు విడిచిపెట్టినారు. 2013లో ఇరువురకును గ్రామీ సాంకేతిక పురస్కారము లభించినది. ఈ కథ చెప్పునపుడు ఆచార్యుని కంఠము గద్గదమగును. ఆయన ఇష్టదైవము మఱియొకటి కలదు: 1985లో వెలువడిన మొట్టమొదటి ఆక్టోపాడు. ఎనిమిది దిండ్లున్న ఆ పలకకు సొంత ధ్వని బొత్తుగ లేదు. ఎంత మోదినను అది తాను మ్రోగక, తీగ తగిలిన వేఱొక వాద్యమును మ్రోగించును. తరువాత వచ్చిన ఎస్.పి.డి.-20 వంటివి తమంత తాము పలుకనేర్చి భారతదేశపు ఆర్కెస్ట్రాలన్నిట నిండినవి గాని, ఆ మొదటిదాని వైరాగ్యము వీనికి లేదని యాయన విచారము.

క్రొత్త డబ్బా యింటికి తెచ్చు విధానమును ప్రత్యేకముగ వర్ణింపవలసియున్నది. రింగురోడ్డు వస్త్రవిపణిలో చీరల అట్టపెట్టెలకు కొదువలేదు గనుక, వాద్యమునకు ఆనతులిచ్చు కంట్రోలరును చీరపెట్టెలో పెట్టి, పై కాగితము చెదరకుండ బిగించి తెచ్చుట ఆయనకు పరిపాటి. ఒకమాఱు పండుగ ముందఱ ఆ పెట్టె ఇల్లాలి కంట బడినది. ఆమె మురిసి విప్పి, లోపలనున్న నల్లని పలకను, ఎఱ్ఱని దీపములను, వెనుకనున్న గుండ్రని రంధ్రములను తిప్పి తిప్పి చూచి, కోపగింపక, మిక్కిలి శాంతముగ అడిగినది: “ఏమయ్యా, గీ చీరకు కొంగు ఎటుదిక్కున్నది?” ఆచార్యుడు, ఆయన స్వభావము ననుసరించి, “ఇన్ గిటున్నది, అవుట్ గటున్నది” అని బదులు చెప్పినాడు. ఆ రాత్రి ఆయన సాంచెల షెడ్డులో పరుండెనని చెప్పుదురు.

ఇక ఆ తరువాత తెచ్చిన మఱియొక పలక సంగతి. దానికి అయిదు ముళ్ల ద్వారము లేదు, యు.ఎస్.బి. మాత్రమే కలదు. కీబోర్డు వెనుకను ఒక యు.ఎస్.బి. ద్వారము కలదు. తగిలించినాడు, దీపము వెలుగలేదు. ఏలయన, కంప్యూటరు ఆజ్ఞకై వేచియుండుట కేర్పడిన ద్వారము లవి. ఇరుప్రక్కలను ఆజ్ఞకై కనిపెట్టుకొనియుండువారే గాని ఆజ్ఞాపించువాడు లేడు. నడుమ హోస్టను మఱియొక పెట్టె యుండవలయును. ఇంకొకడైన ఈ మాట విని క్రుంగిపోవును; ఆచార్యుని ముఖము వికసించినది. మఱియొక పెట్టె కొనుటకు శాస్త్రసమ్మతమైన కారణము దొరకినది గదా!

సద్దుల బతుకమ్మనాటి సాయంకాలము ఆయన ప్రతిభను నేను కన్నులార చూచితిని. బంతిపూల బతుకమ్మలు మైదానము నడుమ కొలువు తీరినవి. ఆక్టోపాడు మిడి అవుట్ నుండి కీబోర్డు మిడి ఇన్ వఱకు తీగ పోయినది. ఆక్టోపాడు చానెల్ పది యని ఆయన రెండుమాఱులు బిగ్గఱగ ప్రకటించెను. ముందటి రాత్రి మఱి యే ప్రయోగము కొఱకో, పదవ చానెల్లో వచ్చిన ప్రతి స్వరమును ఎడమచేతి మెట్టుగ నెంచి శ్రుతిని మార్చుకొనుమని కీబోర్డునకు తానే యానతిచ్చి, ఆ సంగతి మఱచినాడు. కుఱ్ఱవాడు ఢోలుపై దెబ్బ వేసెను. వెనుక వాద్యములన్నియు ఒక్కుమ్మడి ఒక శ్రుతి నుండి వేఱొక శ్రుతికి దూకెను. మఱల దెబ్బ, మఱల దూకుడు. కుఱ్ఱవాడు తన తప్పేమో యని వేగము పెంచగా, వయొలిన్లు, బేసు, గిటారు కలిసి గోడలెక్కి దిగినవి. ఆచార్యుడు మోకాళ్లపై గూర్చుండి తెరపై పుట తరువాత పుట త్రిప్పుచుండెను. వలయమున పాట నెత్తుకొన్న ముసలమ్మ యొక్కతె మాత్రము ఇటు తలయైన త్రిప్పక, తన శ్రుతిలో తాను రెండు చరణములు పాడి, నడుమ ఊపిరి తీసికొనుచు అన్నది: “ముందుగాల నీ డబ్బలను మాట్లాడుకోనియ్యి బిడ్డా, గంతదాంక మేం పాడుకుంటం.”

పెండ్లి విందున జరిగినది వేఱొకటి. లాప్‌టాప్‌కు పోయిన స్వరము తిరిగివచ్చి రెండుమాఱులు మ్రోగకుండుటకు ‘లోకల్’ను ఆఫ్ చేయుట ఆయనకు అభ్యాసము, అట్లు చేసినచో కీబోర్డు మెట్లకును దాని కంఠమునకును సంబంధము తెగిపోవును. లాప్‌టాప్ విప్పుకొని పోయినాడు, లోకల్ ఆఫ్‌లోనే విడిచినాడు. వాద్యగాడు నొక్కిన మెట్టు నొక్కినట్లే యుండ చప్పుడు రాదయ్యెను. మిక్సరువానిని తిట్టిరి, ఆంప్లిఫయరు ఫ్యూజు మార్చిరి, జనరేటరువాని కులగోత్రముల నెత్తిరి. తుదకు ఆచార్యునికి కబురంపగా, ఆయన వచ్చి, నలుగురను దూరముగ నిలువుమని, ఒక్క మీట నొక్కెను, వాద్యము పలికెను. పెండ్లివారాయనకు శాలువ కప్పిరి. తాను చెఱచినదానిని తానే బాగుచేసి సత్కారమందినవా రితర రంగములలోను కలరు గాని, ఇంత అమాయకముగ అందుకొన్నవానిని నేను చూడలేదు.

ఇంత సంపత్తి కలవాడు ఒక్క పాటయైన వాయించునా యని మీకు సందేహము కలుగవచ్చును. పిల్లలు చుట్టుముట్టి “ఒక్క పాట కొట్టు మామా” యని బలవంతపెట్టినపుడు, ఆయన కుర్చీ సరిచేసికొని, వ్రేళ్లు విఱచి, కన్నులు మూసి, డెమో మీట నొక్కును. పాట యంతయు తప్పులేకుండ సాగును. పిల్లలు చప్పట్లు కొట్టుదురు, ఆయన వారింపడు.

అయినను నవరాత్రి తొమ్మిది రాత్రులును, అర్ధరాత్రిలోపు మైకు కట్టివేయవలయునను నిబంధన నెత్తిపై నుండగా, ఏదో తీగ మూగవోయినచో, ఆయనను జూచి నవ్విన వాద్యగాండ్రందఱును పరుగెత్తునది ఆయన యింటికే. సగము కూడు విడిచి, పైసా యడుగక వచ్చువాడును ఆయనయే. కావున సూరత్తులోని తెలుగు సోదరులకు నా మనవి. బతుకమ్మకు ఆచార్యుని పిలువదలచినచో ఎంగిలిపూలకు రెండు దినముల ముందే పిలువుడు. తీగలన్నియు ఆయనచేతనే తగిలింపుడు. అన్నియు పలుకుచున్నవని తేలిన మఱుక్షణమున సద్దుల పొట్లము చేతికిచ్చి, రిక్షా యెక్కించి, ఇంటికి సాగనంపుడు. పాట ముగియువఱకు మైదానమున నుండనిచ్చితిరా, ఇంకొక డబ్బా తగిలించును.