ఏడో నంబరు ఆత్మకథ

నేను ఒక అంకెను. ఆపరేటింగ్ సిస్టమ్ తెలిసినవాళ్లు నన్ను ఫైల్ డిస్క్రిప్టర్ అంటారు. నా నంబరు ఏడు. మూసారాంబాగ్ మెట్రో స్టేషను వెనక సందులో, రెండో అంతస్తు గదిలో నడిచే లైనక్స్ సర్వరులో నా కాపురం. ఆ గదిలో ఒక అక్క, ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న తమ్ముడు కూర్చుని ప్రోగ్రాములు రాస్తుంటారు. ఒక్క స్టేషను అవతల దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు తీసుకునే పిల్లలకు గ్రూప్స్ మోడల్ పరీక్షలు ఆన్‌లైన్‌లో పెట్టే ప్రోగ్రాము వాళ్లది. దాన్ని సీ భాషలో రాశారు. ప్రశ్నపత్రం ఫైలు చదవాలన్నా, జవాబులు రాసిపెట్టాలన్నా, విద్యార్థి ఫోనుతో మాట్లాడాలన్నా ఆ ప్రోగ్రాము చేతిలో నాలాంటి అంకె ఒకటి ఉండాల్సిందే.

మా వంశం యూనిక్స్‌తో మొదలైంది. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ఆ సిస్టమ్‌కు శ్రీకారం చుట్టారు. ఫైలైనా, కీబోర్డైనా, ప్రింటరైనా ఒకే పద్ధతిలో తెరిచి, చదివి, రాసి, మూయాలన్నది వాళ్ల ఆలోచన. ఆ పద్ధతికి పట్టుకొమ్మలం మేమే. మా ఇంట్లో సున్నా, ఒకటి, రెండు పెద్దవాళ్లు. సున్నా నుంచి ఇన్‌పుట్ వస్తుంది, ఒకటి మీదుగా ఫలితం వెళ్తుంది, రెండు మీదుగా తప్పుల సమాచారం వెళ్తుంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన లైనక్స్ తొలి రూపంలో ఒక ప్రోగ్రాముకు 20 నంబర్లే ఉండేవి. ఇప్పుడు మామూలుగా 1024 ఇస్తారు.

చూడటానికి ఒట్టి అంకెనే అయినా నా వెనక మూడు అంచెలున్నాయి. నడుస్తున్న ప్రతి ప్రోగ్రాముకూ, అంటే ప్రాసెస్‌కూ, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ ఒక పట్టిక పెడుతుంది. అందులో ఏడో గడి నాది. ఆ గడి, తెరిచిన ఫైలు తాలూకు నమోదును చూపిస్తుంది. చదవడానికి తెరిచారా, రాయడానికి తెరిచారా, ఎంతవరకు చదివారు అన్న వివరాలు ఆ నమోదులో ఉంటాయి. ఆ నమోదు ఐనోడ్‌ను చూపిస్తుంది. ఫైలు ఎవరిది, ఎంత పెద్దది, డిస్కు మీద ఎక్కడుంది అన్నవి అక్కడ దొరుకుతాయి.

మా నంబర్లు పంచే తీరు తెలియాలంటే దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి వెళ్లినప్పుడు చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ను తలుచుకోండి. చెప్పులు స్టాండులోనే ఉంటాయి, మీ చేతికి వచ్చేది నంబరు మాత్రమే. మీరు తిరిగిచ్చిన టోకెను తర్వాత వచ్చినవాళ్ల చేతికి వెళ్తుంది. కెర్నెల్ ఇంకా నిక్కచ్చి మనిషి. ఖాళీగా ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్న నంబరునే ఇస్తుంది. అందుకే మా ప్రోగ్రాము మొదలుకాగానే మూడు లాగ్ ఫైలుకు, నాలుగు పిల్లల ఫోన్ల కోసం కాచుకునే సాకెట్‌కు, ఐదు ఎవరు వచ్చారో కబురు చెప్పే ఈపోల్‌కు, ఆరు డేటాబేసుకు వెళ్లిపోతాయి. వచ్చీపోయే పనులన్నీ నాతో మొదలవుతాయి. పొద్దున ఒక ప్రశ్నపత్రానికి ఏడు నేనే, క్షణం తర్వాత ఒక విద్యార్థి ఫోనుకూ ఏడు నేనే.

మేముండే మూసారాంబాగ్ పేటకు ఆ పేరు నిజాం కొలువులో సేనానిగా ఉండి 1798లో కన్నుమూసిన ఫ్రెంచివాడు రేమండ్ వల్ల వచ్చింది. జనం ఆయన్ని మూసా రహీం అని పిలుచుకున్నారు. మలక్‌పేట వైపు ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. మనిషి పోయి రెండు వందల ఏళ్లు దాటినా పేటకు ఆయన పేరే నిలిచింది. నా సంగతి అలా కాదు. మూసిన మరుక్షణం నేను ఇంకొకరి సొత్తును. నా కష్టసుఖాలన్నీ ఈ గుణం చుట్టూనే తిరుగుతాయి.

మూయడమంటే లోపల ఏం జరుగుతుందో చెబుతాను. ప్రోగ్రాము నా నంబరు చెప్పి క్లోజ్‌ను పిలవగానే ముందు నా గడి ఖాళీ అవుతుంది. ఆ తర్వాత నేను చూపిస్తున్న నమోదు మీది లెక్క ఒకటి తగ్గుతుంది. డూప్‌తో నకలు తీసినా, ఫోర్క్‌తో పిల్ల ప్రాసెస్ పుట్టినా అదే నమోదును మరో గడి కూడా పట్టుకుంటుంది గనుక లెక్క పెరిగి ఉంటుంది. లెక్క సున్నాకు దిగినప్పుడే నమోదు పోతుంది, సాకెట్ అయితే అవతలివారికి ‘ఇక చాలు’ అన్న కబురు వెళ్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఎఫ్‌సీఎన్‌టీఎల్‌తో ఫైలుకు వేసిన తాళం ఈ లెక్కను పట్టించుకోదు. ఒకే ఫైలును రెండు నంబర్లతో తెరిచి, ఒకదాని మీద తాళం వేసి, రెండోదాన్ని మూసినా ఆ ప్రాసెస్ వేసుకున్న తాళం ఊడిపోతుంది.

ఇక నా కష్టకాలం. ఒక ఆదివారం పెద్ద మోడల్ పరీక్ష పెట్టారు. ప్రోగ్రాములో ఒక ఫంక్షను ముందు ప్రశ్నపత్రం తెరుస్తుంది, ఆ తర్వాత హాల్‌టికెట్ నంబరు సరిచూస్తుంది. నంబరు తప్పయితే వెంటనే వెనక్కి తిరుగుతుంది. ఆ తిరిగే దారిలో క్లోజ్ లేదు. ఒక అమ్మాయి హడావిడిలో హాల్‌టికెట్ నంబరు తప్పు కొట్టింది. ఫంక్షను ముగిసింది, నా నంబరు దాచుకున్న వేరియబుల్ దానితోపాటే చెరిగిపోయింది. ప్రోగ్రాములో నన్ను తలిచే దిక్కు లేదు. కెర్నెల్ మాత్రం తెరిచి ఉన్నానన్న లెక్కతో నన్ను అలాగే ఉంచింది. నా తర్వాత ఎనిమిదికి అదే గతి పట్టింది, తొమ్మిదికీ అంతే. తప్పు కొట్టిన ప్రతి విద్యార్థి వల్లా మాలో ఒకరం దిక్కులేనివాళ్లమయ్యాం.

మధ్యాహ్నానికి 1024 గడులూ నిండిపోయాయి. ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అని లాగ్ నిండా అదే వరస. ఆ తప్పుకు మా లోకంలో ఈఎంఫైల్ అని పేరు. కొత్తగా వచ్చిన పిల్లలు క్యూలో ఉండిపోయారు. వాళ్లు వచ్చారని ఈపోల్ చెప్పడం, తీసుకోబోతే నంబరు లేకపోవడం, మళ్లీ ఈపోల్ చెప్పడం... ఈ చక్రంలో పడి ప్రాసెసర్ వంద శాతం తిరిగిపోయింది.

“అక్కా, లిమిట్ పెంచుదామా? అరవై ఐదు వేలు జేస్తే అయిపోతది గదా” అన్నాడు తమ్ముడు.

“పెంచితే ఏమైతది రా? పగటికి ఆగేది రేపటికి ఆగుతది. ఏడ మూసుడు మర్చిపోయినమో ముందుగాల గది దేవులాడు” అంది అక్క.

ప్రాక్ డైరెక్టరీలో మా ప్రాసెస్ నంబరు కింద ఎఫ్‌డీ అనే చోట మేమందరం వరసగా కనిపిస్తాం. ఎల్ఎస్ఓఎఫ్ కమాండు కొట్టినా తెలుస్తాం. అక్క అక్కడ చూసింది. ఒకే ప్రశ్నపత్రం వందల నంబర్ల మీద తెరిచి ఉంది. దాంతో దోషం ఏ ఫంక్షనులో ఉందో దొరికిపోయింది. ఆ ఫంక్షను ఎటు తిరిగినా చివరికి ఒకే దారిన బయటికొచ్చేలా, ఆ దారిలో క్లోజ్ ఉండేలా మార్చి రాశారు. సీ భాషలో కెర్నెల్ రాసేవాళ్లు కూడా ఇదే పద్ధతి పాటిస్తారు. పైథాన్‌లో విత్, గో భాషలో డిఫర్, 2011 నాటి జావా 7లో వచ్చిన ట్రై-విత్-రిసోర్సెస్ ఈ బాధ్యతను భాషకే అప్పగిస్తాయి.

మరిచిపోవడం ఒక బాధ, రెండుసార్లు మూయడం అంతకంటే పెద్ద బాధ. ఒక ట్రయల్ పరీక్షలో ఇది చూశాను. ఒక థ్రెడ్ నన్ను మూసింది. వెంటనే రెండో థ్రెడ్ ఒక విద్యార్థిని లోపలికి తీసుకుంటే ఏడు ఆ విద్యార్థికి వెళ్లింది. మొదటి థ్రెడ్ ఇంకో చోట పొరపాటున నన్నే మళ్లీ మూసింది. కెర్నెల్‌కు అందులో తప్పేమీ కనిపించదు, తెరిచి ఉన్న నంబరునే మూయమన్నారు కదా. ఆ విద్యార్థి కనెక్షను తెగిపోయింది. అంతలో మూడో థ్రెడ్ వేరొకరి జవాబుల ఫైలు తెరిస్తే ఏడు దానికి వెళ్లింది. రెండో థ్రెడ్‌కు ఇవేవీ తెలియవు. తన విద్యార్థికి పంపాల్సిన మాటను ఏడు మీద రాసేసింది. అది పోయి జవాబుల ఫైలులో పడింది. ఎక్కడా ఒక్క తప్పు సందేశం రాలేదు. ఆ రోజు నుంచి అక్క నన్ను మూసిన వెంటనే వేరియబుల్‌లో మైనస్ ఒకటి వేస్తోంది. ఇక రెండోసారి మూసినా ఈబ్యాడ్‌ఎఫ్ అన్న జవాబు వస్తుందే తప్ప ఎవరికీ హాని జరగదు.

సిగ్నల్ అడ్డొచ్చి క్లోజ్ ఈఇంటర్ అని జవాబిస్తే మళ్లీ పిలవాలా? చాలామంది పిలుస్తారు. లైనక్స్‌లో పిలవకూడదు. ఆ జవాబు వచ్చేసరికే నా గడి ఖాళీ అయి ఉంటుంది, మళ్లీ మూస్తే ఇంకొకరి ఏడుకు దెబ్బ తగులుతుంది. హెచ్‌పీ-యూఎక్స్ వంటి కొన్ని యూనిక్స్‌లలో మాత్రం ఈఇంటర్ వస్తే నంబరు ఇంకా తెరిచే ఉంటుంది, అక్కడ మళ్లీ పిలవాలి. ఏ ఊళ్లో పని చేస్తున్నామో తెలుసుకుని మసలడం అవసరం.

మళ్లీ పిలవకూడదన్నాను గానీ జవాబు చూడొద్దనలేదు. నెట్‌వర్క్ మీది ఎన్ఎఫ్ఎస్ డిస్కుకు రాసినప్పుడు, ముందు రాసింది చేరలేదన్న సంగతి ఒక్కోసారి క్లోజ్ దగ్గరే బయటపడుతుంది. క్లోజ్ సరేనన్నంత మాత్రాన రాసింది డిస్కు మీదికి చేరిందన్న హామీ కూడా లేదు. అది ఇంకా మెమరీలోనే ఉండి, కరెంటు పోతే పోవచ్చు. విద్యార్థి జవాబులు నిలవాలంటే మూసేముందు ఎఫ్‌సింక్ పిలిచి, దాని జవాబు కూడా చూడాలి.

పిల్ల ప్రాసెస్‌ల సంగతీ ఉంది. ఫలితాల పట్టిక తయారుచేసే ఇంకో ప్రోగ్రాముకు మార్కులు పైపు ద్వారా పంపేవారు. మార్కులన్నీ వెళ్లాయి, అయినా ఆ ప్రోగ్రాము ఇంకా వస్తాయని కూర్చునే ఉంది. పైపులో రాసే కొసను పట్టుకున్న నంబర్లన్నీ మూస్తేనే చదివే కొసకు ‘అయిపోయింది’ అని తెలుస్తుంది. ఆ కొస నకలు పిల్ల ప్రాసెస్‌గా నడుస్తున్న ఆ ప్రోగ్రాము చేతిలోనే తెరిచి ఉండిపోయింది. ఇలాంటి వారసత్వాన్ని ఆపడానికే తెరిచేటప్పుడే ఓ_క్లోఎగ్జెక్ అన్న గుర్తు పెట్టే వీలు 2007లో లైనక్స్ 2.6.23తో వచ్చింది. వరసలో ఉన్న నంబర్లన్నిటినీ ఒక్క పిలుపుతో మూసే క్లోజ్_రేంజ్ 2020లో 5.9తో వచ్చింది.

మా మూడో నంబరు కథ ఇంకొకటి. డిస్కు నిండిందని తమ్ముడు పెద్ద లాగ్ ఫైలును తొలగించాడు. పేరు పోయింది, చోటు మాత్రం తిరిగి రాలేదు. మూడు దాన్ని పట్టుకునే ఉంది మరి. ఆఖరి నంబరు మూసేదాకా ఆ ఫైలు డిస్కు మీదే ఉంటుంది. లాగ్‌ను మూసి మళ్లీ తెరవమని ప్రోగ్రాముకు సిగ్నల్ పంపాక గానీ చోటు ఖాళీ కాలేదు.

ప్రోగ్రాము ముగిస్తే కెర్నెలే మా అందరినీ మూస్తుంది కదా, మాకెందుకీ శ్రమ అని కొత్తగా నేర్చుకునే పిల్లలు అంటుంటారు. అర నిమిషంలో ముగిసే కాలేజీ ల్యాబ్ ప్రోగ్రాముకు ఆ మాట చెల్లుతుంది. నెలల తరబడి ఆగకుండా నడిచే సర్వరుకు చెల్లదు. బ్యాంకు, రైలు టికెట్లు, ఆసుపత్రి రికార్డులు నడిచేది అలాంటి సర్వర్ల మీదే. అందుకే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో కూర్చుని ఈ విద్య నేర్చుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మనవి ఒక్కటే. ఓపెన్ అని రాసిన చేత్తోనే క్లోజ్ కూడా రాయండి. తప్పు జరిగి వెనక్కి తిరిగే దారుల్లోనూ రాయండి. ఒక్కసారే మూయండి, జవాబు చూడండి.