మడి కట్టిన బండి

మా మదురైలో మాట్టుతావణి బస్టాండు అవతలి సందుల్లో, మెకానిక్ షెడ్లున్న చోట, ఈమధ్య ఒక ఆచారం బయల్దేరింది: పాత కార్లకు మడి కట్టడం. మడి కట్టిన కారును చూడొచ్చు, పక్కన నిలబడి ఫొటో దిగొచ్చు, ముట్టుకోకూడదు. బోల్టు విరిగితే పక్క కొట్లో దొరికే బోల్టు పనికిరాదు. దాని తోబుట్టువు ఇంగ్లండులో ఏ మూలనో బతికుందేమో వాకబు చేసి, సుంకం కట్టి, విమానంలో పిలిపించాలి. అది వచ్చేదాకా బండి నాలుగు ఇటుకల మీద నిలబడి తపస్సు చేస్తుంది.

మా బంధువుల్లో ఒక మామకు తండ్రి ఆస్తిలో అలాంటి బండి వచ్చింది. స్టాండర్డ్ వాన్‌గార్డ్ ఎస్టేటు. వెనక్కి పొడుగ్గా సాగిన స్టేషన్ వ్యాగన్. ఎరువు మూటలు, పంపుసెట్టు, పెళ్ళి వంటపాత్రలు, పురిటికొచ్చే ఆడపిల్లలు, ఒకసారి కాలు విరిగిన దూడ, అందరూ ఆ వెనక భాగంలోనే ప్రయాణం చేశారు. నేల రేకు మీద దూడ డెక్కల గీతలు ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు ఆ బండిని ఏం చెయ్యాలన్నది ఇంట్లో పెళ్ళి సంబంధమంత చర్చ. కొడుకులు డీజిలింజనంటారు, అల్లాయ్ చక్రాలంటారు, ఒళ్ళంతా నల్లటి స్టిక్కరంటారు. మడి బృందం నెలకోసారి వచ్చి బానెట్టు ఎత్తి, లోపలికి తొంగిచూసి, నిట్టూర్చి చెప్పేది ఒకటే మాట: "ఫ్యాక్టరీలోంచి ఎలా దిగిందో అలాగే ఉండాలి నాయుడుగారూ. లేకపోతే విలువ పోతుంది."

ఎలా దిగిందో కాస్త చూద్దాం. కోవెంట్రీ కంపెనీ వాన్‌గార్డ్‌ను 1947లో ప్రకటించింది. దాని ఒంటి తీరు కోసం డిజైనర్ వాల్టర్ బెల్‌గ్రోవ్‌ను లండన్‌లో అమెరికా రాయబార కార్యాలయం దగ్గరికి పంపారనీ, అక్కడ ఆగిన ప్లిమత్ కార్లను చూసి ఆయన బొమ్మలు గీసుకున్నాడనీ చెబుతారు. 2088 సీసీ ఇంజనుకు ఫెర్గూసన్ ట్రాక్టరుతో రక్తసంబంధం. అదే ఇంజను కాస్త సన్నబడి ట్రయంఫ్ టీఆర్2 అనే స్పోర్ట్స్ కారులో కూర్చుంది. అంటే ముఖం అమెరికా వాడిది, గుండె ట్రాక్టరుది. అమ్మకానికి ముందే ఇన్ని కలిపిన బండికి మనవాళ్ళు మడి బట్ట చుట్టి, మైల తగులుతుంది, దూరం జరగమంటున్నారు.

స్టేషన్ వ్యాగన్ విషయంలో ఈ పట్టుదల మరీ వింత. సెడాన్‌కు కప్పు పొడిగించి, డిక్కీ తీసేసి, వెనక తలుపు పెడితే వ్యాగన్ అయింది. పుట్టుకే ఒక మార్పు. అసలు మా ఊళ్ళో నిలబడి ఒరిజినల్ అనడానికి గుండె ధైర్యం కావాలి. 1999లో ఈ బస్టాండు తెరిచినప్పటి నుంచి ఇక్కడికొచ్చే ప్రైవేటు బస్సుల్ని ఒకసారి చూడండి. చాసిస్ లేలాండు వాళ్ళది. డ్రైవరు ఒళ్ళంతా గాలికి ఒదిలేసి, తలకు గుడ్డ చుట్టుకుని, ఆ అస్థిపంజరాన్ని రోడ్డు మీద నడుపుకుంటూ పోతాడు. కరూరులో దానికి ఒళ్ళొస్తుంది, కిటికీలొస్తాయి, రంగులొస్తాయి, అద్దం మీద దేవుడొస్తాడు. ఇందులో ఏది ఒరిజినల్? ఈ ప్రశ్న కండక్టరును అడిగి చూడండి, చిల్లర ఇవ్వడం కూడా మానేస్తాడు.

పెట్రోలు ధర భరించలేక ప్లిమత్, డాడ్జ్ టాక్సీల్లో పెర్కిన్స్ డీజిలింజన్లు దించిన మేస్త్రీలు మన దక్షిణాదిలో ఎందరో. ఆ బళ్ళు మరో తరం పాటు తిరిగాయంటే ఆ అపచారం వల్లే. మడిగా ఉంచినవి ఏనాడో తూకానికి పోయాయి.

మేస్త్రీల మాట వచ్చాక కోయంబత్తూరు మాట ఎత్తక తప్పదు. మా తెలుగు ఇళ్ళలో జి.డి. నాయుడు ఫొటో దేవుడి పటాల పక్కన ఉంటుంది. 1893లో కలంగల్‌లో పుట్టిన ఆ మనిషి మోటారు సైకిలు చేతికొస్తే ఏం చేశాడు? ముక్కలు ముక్కలుగా విప్పి, మళ్ళీ బిగించాడు. 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టి, తనే నడిపి, యూఎంఎస్ అనే పెద్ద సంస్థను నిలబెట్టాడు. విప్పడం, మార్చడం ఆయన చదువు. ఆయన పటానికి దండ వేసే చేతులే స్పానరు పట్టుకున్న కుర్రాణ్ణి "ముట్టుకోకు" అని కసురుతున్నాయి. ఆయన పేరుతోనే అవినాశి రోడ్డులో 2015లో తెరిచిన జీడీ కార్ల మ్యూజియం ఉంది. ఒరిజినల్‌గా ఉంచడానికి అది తగిన చోటు. నీడ, తాళం, తుడిచేవాళ్ళు, టిక్కెట్టు అన్నీ ఉంటాయి. మామ షెడ్డులో ఉన్నవి కోళ్ళు.

పోనీ, బండి ఒరిజినల్‌గానే ఉంచుదాం. అది తాగే పెట్రోలు ఎక్కడుంది? ఆ ఇంజను సీసం కలిపిన పెట్రోలుకు అలవాటు పడ్డది. 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో ఆ సీసం లేదు. ఇప్పుడు బంకులో పోసేదాంట్లో అయిదో వంతు దాకా ఇథనాల్. పాతకాలపు రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు డయాఫ్రం దానికి ఉబ్బుతాయి, పగుళ్ళిస్తాయి. ఒరిజినల్ గొట్టం, వేడెక్కిన మానిఫోల్డు, కారే పెట్రోలు, ఈ మూడూ కలిస్తే విలువ ఎంత పెరుగుతుందో మడి బృందం చెప్పాలి.

చట్టం సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. 2021 జూలైలో కేంద్రం వింటేజి బళ్ళకు నియమాలు పెట్టింది. యాభై ఏళ్ళు దాటాలి. చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారి ఉండకూడదు. 20,000 రూపాయలు కడితే నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలు వస్తాయి. ఆ తర్వాత బండిని రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, రిపేరుకు, పెట్రోలు పోయించడానికి మాత్రం బయటికి తీయొచ్చు. అంటే బంకుకు వెళ్ళి ట్యాంకు నింపుకోవచ్చు, నింపుకున్నాక ఇంటికి రావాలి. పోనీ కొడుకుల దారిలో పోదామంటే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను దారికి అడ్డం. కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. ఆర్టీవోను అడగకుండా డీజిలింజను దించితే బండి ఒకటి, ఆర్సీ బుక్కు మరొకటి.

కొడుకుల్ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ఆ స్టిక్కరు ఆలోచన వింటే వాళ్ళ తాత సమాధిలో పక్కకు తిరిగి పడుకుంటాడు. నల్లటి అద్దాలు, నీలం దీపాలు, నాలుగు ఊళ్ళకు వినిపించే సైలెన్సరు, సీటు నిండా ఎర్ర దారం కుట్లు. అంత చేసి బండిని బస్టాండు ఎదుట ఆపి సెల్ఫీ దిగుతారు. అది కూడా మడే, రంగు వేరు. వీళ్ళూ దాంట్లో ఎరువు మూట ఎక్కించరు.

పాతదాన్ని విప్పడం, మార్చడం మా ఊరికి కొత్త కాదనుకోండి. తిరుమల నాయకుడు 1636లో మహలు కట్టించాడు. మనవడు చొక్కనాథుడు దాన్ని విప్పి, కావలసినవి తిరుచ్చికి తరలించాడని చెబుతారు. పాతబండి విడిభాగాలు అమ్మే మనవళ్ళకు ఆదిపురుషుడన్నమాట. ఇప్పుడు మిగిలింది నాలుగో వంతు, దానికీ మద్రాసు గవర్నరు నేపియర్ ప్రభువు 1866 తర్వాత మరమ్మతు చేయించాడు. అది ఒరిజినల్ కాదని ఎవరూ టిక్కెట్టు డబ్బు వాపసు అడగరు. మా మదురై తెలుగుకు మాత్రం విజయవాడ నుంచి వచ్చిన చుట్టాలు ఆ పరీక్ష పెడతారు, ఇడ్లీ తింటూనే.

మామ నా అభిప్రాయం అడిగాడు. చెప్పాను. డెక్కల గీతల జోలికి పోవద్దు, నేల రేకుకు తుప్పు మందు మాత్రం పట్టించు. స్టీరింగు పక్కన ఉన్న మూడు గేర్ల కర్ర అలాగే ఉండనీ. గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించు. వైరింగు మొత్తం కొత్తది లాగించు. ఆ కాలం బ్రిటిష్ బండికి పాజిటివ్ ఎర్తు, అది తెలియని కుర్రాడు కొత్త రేడియో బిగిస్తే పాట రాదు, పొగ వస్తుంది. ముందు సీట్లకు బెల్టులు పెట్టించు. అన్నిటికన్నా ముందు బ్రేకులు. నాలుగు డ్రమ్ములకూ ఒకటే నూనె దారి. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. రెండు దారుల మాస్టర్ సిలిండరు వేయించు. విప్పిన పాతవన్నీ గోనెసంచిలో కట్టి, చీటీ రాసి, అటక మీద పెట్టు. రేపు ఎవడికైనా మడి కావాలంటే ఒక్కరోజులో కట్టుకుంటాడు.

మడి బృందం పెద్ద ఆ ఆదివారం వచ్చాడు. మాస్టర్ సిలిండరు మాట విని రెండు చెవులూ మూసుకున్నాడు. "అది ఒరిజినల్ కాదు నాయుడుగారూ!"

మామ తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాడు. "ఒరిజినల్ బ్రేకులు ఇంకా బండిలోనే ఉన్నాయి. కొడైకెనాల్ నుంచి వత్తలగుండు దాకా మీరే దింపుకురండి. నేను కింద టీకొట్టు దగ్గరుంటాను."

ఈ వారం తీరిక లేదట.