వడ్డీకి వంద శాతం హాజరు

విద్యారుణంలో మారటోరియం అంటే, బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం, చదువు సాగినంత కాలమూ ఆపైన మరో ఏడాదీ వాయిదాలు కట్టనక్కరలేని విరామం. అయితే ఆ విరామం వాయిదాలకే గాని వడ్డీకి కాదు గనుక, విద్యార్థి తరగతి ఎగ్గొట్టినా వడ్డీ మాత్రం హాజరవుతూనే ఉంటుంది. ఆస్తి తాకట్టు లేకుండా రూ.7.5 లక్షల వరకు దొరికే ఈ అప్పుతో నాలుగేళ్ల ఇంజనీరింగ్ ముగించిన జిల్లాల నుంచి వచ్చిన పట్టభద్రుడు, కొలువుకు కావలసిన నైపుణ్యం పట్టాతో పాటు రాలేదని గ్రహించి, హైదరాబాదు అమీర్‌పేటలో కొన్ని నెలల కోర్సుకు మళ్లీ ఫీజు కడతాడు. నాలుగేళ్లలో అబ్బనిది నాలుగు నెలల్లో అబ్బితే మొదటి అప్పు దేనికన్న ప్రశ్నకు రుణ దరఖాస్తులో గడి లేదు. అక్కడి కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు మాత్రం, ఎంతో నిజాయితీగా, ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదంటాయి.