మూడు దీవులు చూసిన పెట్టె

నా పక్కవాటున తెల్ల పెయింటుతో రాసిన చిరునామా ఒకటుంది: 'భద్రాచలం, ఖమ్మం జిల్లా, ఆం.ప్ర.' రాసిన రోజున అందులో అక్షరం తప్పు లేదు. 2014లో రాష్ట్రం తప్పయింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చి, జిల్లా కూడా తప్పయింది. ఇక మిగిలింది ఊరి పేరొక్కటే. అయినా ఈ ఊరికి ఇదేం కొత్త కాదులెండి. 1959 దాకా ఇది తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఊరు ఉన్నచోటే ఉంటుంది, పైవాళ్లు గీతలు జరుపుతుంటారు.

నేనొక సూట్‌కేసును. ఇంట్లో అందరూ పెట్టె అనే అంటారు. నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. వేడికి మెత్తబడ్డ ప్లాస్టిక్ పలకను అచ్చులో నొక్కితే రెండు చిప్పలయ్యాయి. చుట్టూ అల్యూమినియం అంచు, ముందు రెండు గొళ్లేలు, లోపల మెరూన్ రంగు సాటిన్ గుడ్డ. 1984 ఎండాకాలంలో ఖమ్మం కమాన్ బజార్లో ఒక పెళ్లికూతురి తండ్రి నన్ను బేరమాడాడు. ఆడుతూ ఆడుతూ గట్టిగా ఉన్నానో లేదో చూద్దామని నా మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ముప్పై ఎనిమిదేళ్లలో నా మీద కూర్చోని మనిషి ఆ ఇంట్లో లేడు.

ఆ పెళ్లికూతురే మా అమ్మగారు. పెళ్లయిన కొత్తలోనే అంగన్‌వాడీ టీచరయ్యారు. మా సారు దుమ్ముగూడెం, చర్ల వైపు ఆశ్రమ పాఠశాలల్లో సాంఘికశాస్త్రం చెప్పేవారు. అడవి అంచున బతుకు. మొదటి రెండేళ్లు నేను మంచం కింద హాయిగా ఉన్నాను. పెళ్లి చీరలు, కర్పూరం ఉండలు, తాళం చెవి అమ్మగారి కొంగున.

భద్రాచలంలో గోదావరి గురించి అడుగుల్లో మాట్లాడతారు. 43 అంటే మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. శ్రావణంలో ఇంట్లో ఎవరికో జ్వరమున్నట్టు ఆ అంకెను పొద్దునా సాయంత్రం అడిగి తెలుసుకుంటారు. 1986 ఆగస్టు 16న అది 75.6 అడుగులకు పోయింది. ఇప్పటిదాకా దాన్ని దాటిన వరద లేదు.

ఆ రోజు సారు నన్ను నెత్తిన పెట్టుకున్నారు. అమ్మగారు ఎనిమిది నెలల పాపను చంకనేసుకున్నారు. నాలో ఉన్నవి సారు సర్టిఫికెట్లు, రెండు చీరలు, ఒక తువ్వాల మూటలో బియ్యం, పాప గుడ్డలు. రంగనాయకుల గుట్ట ఎక్కాం. అక్కడ నేల తడి. పాపను ఎక్కడ పడుకోబెట్టాలో తెలియక అమ్మగారు నా మూత పూర్తిగా తెరిచి, కింది చిప్పలో పాత చీర మడతపెట్టి పరిచారు. పాప అందులోనే పడుకుంది. చీరలు మోయడానికి పుట్టినదాన్ని, ఊయలనయ్యాను. గర్వంగా చెప్పుకోగలిగిన పని నా బతుకులో అదే మొదటిది.

తెల్లవారి అమ్మగారు గుట్ట అంచున నిలబడి చూశారు. ఎటు చూసినా ఎర్రనీళ్లే. కొట్టుకొస్తున్న చెట్లు, పైకప్పులు. "ఏమండీ, ఊరంతా లంకైపోయింది," అన్నారు. నేను చూసిన మొదటి దీవి అదే. అక్కడికి ఎవరూ సరదాకి వెళ్లలేదు.

ఆ తర్వాత నన్ను తెరిచారంటే ఏదో ఒక తొందరే. పాపకు మెదడుకెక్కే మలేరియా వచ్చినప్పుడు అర్ధరాత్రి బట్టలు కుక్కి ఖమ్మం ఆస్పత్రికి పరుగెత్తారు. పాప పెద్దదై రెసిడెన్షియల్ స్కూలుకు పోతుంటే నేనే వెంట వెళ్లాను. అక్కడ నా మీద కూర్చుని అన్నం తిన్నారు, నా మీద నిలబడి పైకిటికీలోంచి బయటకు చూశారు, పెన్నుముల్లుతో నా మూత మీద 'ఐ మిస్ యూ అమ్మ' అని చెక్కారు. తర్వాత అబ్బాయి ఇంజనీరింగ్ హాస్టలు. వాడు నా ఎడమ గొళ్లేన్ని రెండో నెలలోనే విరిచాడు. నాలుగేళ్లు పురికొసతో కట్టి నడిపించాడు. ఒక్కసారి, ఒక్క తడిగుడ్డతో నన్ను తుడిచిన పాపాన పోలేదు. ఆవకాయ నూనె నా సాటిన్ గుడ్డ మీద గోదావరి పాయంత మరకేసింది. ఇంజనీరింగ్ చదివినవాడికి సీసా మూత బిగించడం రాలేదు.

ఇంతకీ నేను చెప్పొచ్చేదేమిటంటే, ముప్పై ఐదేళ్లలో ఒక్కనాడూ సారూ, అమ్మగారూ తమ కోసం నన్ను సర్దలేదు.

2018లో సారు రిటైరయ్యారు. అప్పటికి అమ్మాయి హైదరాబాదులో, అబ్బాయి అమెరికాలో. "ఒక్కసారి సముద్రం మధ్య దీవి చూపిస్తాను రావే," అన్నారు సారు ఒకరోజు. అమ్మగారు, "పిల్లలు లేకుండానా?" అన్నారు. పిల్లలకు అప్పటికే ముప్పై దాటి పిల్లలున్నారు. ఆ మాట వాళ్లిద్దరికీ గుర్తొచ్చి నవ్వుకున్నారు.

2019 జనవరిలో నన్ను అటక దించారు. విరిగిన గొళ్లేనికి సారు కొత్త తీగ చుట్టారు. అమ్మగారు కారప్పూస, చింతకాయ తొక్కు, జ్వరం మాత్రలు సర్దారు. భద్రాచలంలో బస్సెక్కితే చింతూరు, మారేడుమిల్లి ఘాట్, రంపచోడవరం మీదుగా రాజమండ్రి. అక్కణ్నించి రైల్లో విశాఖ. విశాఖలో పోర్ట్‌బ్లెయిర్ ఓడ. దాదాపు 56 గంటల ప్రయాణం. బంకు కింద నన్ను తోశారు. మొదటి రోజు అమ్మగారికి వాంతులు. రెండో రోజు పైకి వెళ్లి వచ్చి, "నీళ్లు ఇంత నీలంగా ఉంటాయని నాకెవరూ చెప్పలేదు," అన్నారు. నాకూ ఎవరూ చెప్పలేదు. నేనెరిగిన నీళ్లన్నీ ఎర్రవే.

రేవు బయట ఆటో అతను నన్ను ఎత్తబోయి నా చిరునామా చదివాడు. "ఖమ్మం జిల్లా వాళ్లా? మాది శ్రీకాకుళమండీ," అన్నాడు తెలుగులో. ఆ దీవుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. పాత చిరునామా పనికిరాదని ఎవరన్నారు?

మర్నాడు వాళ్లు సెల్యులార్ జైలు చూడ్డానికి వెళ్లారు. పెట్టెను కదా, నేను లాడ్జి గదిలోనే ఉన్నాను. రాత్రి వచ్చాక సారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మంచం మీద కూర్చుని క్లాసులో చెప్పినట్టే చెప్పారు. ఆ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో ముగిసిందట. ఏడు రెక్కలతో కడితే ఇప్పుడు మూడే మిగిలాయట. "కానీ మనవాళ్లు అంతకు ముందే వచ్చారే," అన్నారు. "1879లో రంప పితూరీ లేచింది. అడవిలో కల్లు గీసుకోవడం మీద కూడా పన్నేశారు. చిగురు పన్ను. పితూరీ మన భద్రాచలం తాలూకా దాకా పాకింది. పట్టుబడ్డవాళ్లలో కొందర్ని ఈ దీవులకే పంపించారు. తర్వాత అల్లూరి సీతారామరాజు మనుషుల్నీ పంపారు. గాం మల్లుదొర ఇక్కడ ఏళ్ల తరబడి శిక్ష అనుభవించి, తిరిగొచ్చి, 1952లో పార్లమెంటు మెంబరయ్యాడు."

"మన బస్సు వచ్చింది ఆ రంప మీదుగానే కదండీ," అన్నారు అమ్మగారు.

"ఆ దారే. వాళ్లదీ, మనదీ."

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఏళ్ల తరబడి పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పిన పాఠంలోకి సారు తన కాళ్లతో నడిచొచ్చారు. నేను మాత్రం ఒక్కటే ఆలోచించాను. ఆ కొండరెడ్లు, కోయలు ఈ రేవులో దిగినప్పుడు చేతిలో ఏం తెచ్చుకుని ఉంటారు? తిరిగి వెళ్తామనే నమ్మకం ఉన్నవాడికే కదా పెట్టె కావాలి.

ఆ మర్నాడు ఇంకో చిన్న ఓడలో హేవ్‌లాక్ దీవి. అంతకు ముందు నెలే దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. నాకు నవ్వొచ్చింది. ఈ విషయంలో నా అనుభవం మీకు తెలుసు కదా. ఆ దీవిలో ఊళ్ల పేర్లు గోవింద్‌నగర్, విజయ్‌నగర్, రాధానగర్. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులు నిలబెట్టిన పల్లెలవి. అంటే అక్కడా నీళ్లు దాటి, సర్దుకుని వచ్చినవాళ్లే.

వెదురు తడికల గది. ముందు కొబ్బరిచెట్లు, వాటికవతల సముద్రం. అమ్మగారు గంటకోసారి ఫోను పైకెత్తి గదంతా తిరిగారు. మనవరాలితో వీడియోలో మాట్లాడాలి. సిగ్నల్ లేదు. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఇంటర్నెట్ కేబుల్ మొదలైంది 2020 ఆగస్టులో. మేం వెళ్లేనాటికి ఆ దీవులు ఉపగ్రహం దయ మీద నెట్టుకొస్తున్నాయి. రెండో రోజు మధ్యాహ్నానికి అమ్మగారు ఫోనును నా లోపల పడేసి మూత వేశారు. పిల్లల్ని వదిలి ఉండటం ఆమె వల్ల కాలేదు, సిగ్నల్ వల్ల అయింది.

ఫోను పెట్టేటప్పుడు చెయ్యి లోపలి జేబుకు తగిలింది. అందులోంచి ఎర్ర రిబ్బను బయటికొచ్చింది. అమ్మాయి హాస్టలు రోజులది. పాతికేళ్లుగా నేను దాచిందే. అమ్మగారు దాన్ని వేళ్లకు చుట్టుకుని కాసేపు చూశారు. బయట గాలి జోరుగా ఉంది. జడ ముందుకు లాక్కుని, చివర ఆ రిబ్బనుతో ముడేసి, చెప్పులు గుమ్మంలోనే వదిలి ఇసుకలోకి నడిచారు. సారు వెనకనుంచి, "ఏ క్లాసమ్మా నువ్వు?" అని అరిచారు. ఆమె వెనక్కి తిరగకుండానే నాలుగు వేళ్లు చూపించారు.

మూడు రోజులు వాళ్లు చేసిందేమీ లేదు. పొద్దున నీళ్లలో నడిచేవారు. మధ్యాహ్నం నిద్ర. అమ్మగారు పగలు నిద్రపోవడం నేను అదే మొదటిసారి చూశాను, నోరు కొద్దిగా తెరిచి, ఒక చెయ్యి నా మీద వేసి.

తిరుగు ప్రయాణంలో పోర్ట్‌బ్లెయిర్ రేవులో నన్ను తెరిపించారు. చీర మడతల్లో తెల్లటి చచ్చిన పగడపు ముక్క ఒకటి దొరికింది. మనవరాలి కోసం ఒడ్డున ఏరింది. పగడాలు వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి, తీసుకెళ్లకూడదన్నాడు తనిఖీ చేసినతను. అమ్మగారు ఇచ్చేశారు. ఓడెక్కాక, "సముద్రంలో కూడా ఫారెస్టు చెక్‌పోస్టేనా!" అని నొచ్చుకున్నారు. అడవి పక్క మనిషికి ఆ మాట రాక మానదు. అతనికి కనపడనిది ఒకటుంది. నా సాటిన్ గుడ్డ కుట్లలో చేరిన ఇసుక. దానికి రసీదు లేదు, జప్తూ లేదు.

ఇంటికొచ్చిన ఏడాదే అమ్మాయి చక్రాల పెట్టె ఒకటి పంపింది. మనిషి చంద్రుడి మీద దిగింది 1969లో. పెట్టెకు చక్రాలు తగిలించి అమెరికాలో పేటెంటు పొందింది 1972లో. ఆ మూడేళ్ల ఆలస్యం నాకో ఓదార్పు. నన్ను మళ్లీ అటకెక్కించారు, ఈసారి విరిగిన ఫ్యాను రెక్కల వెనక.

2022 జులై 16న గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986 తర్వాత కట్టిన కరకట్ట ఊరిని కాచింది గానీ, లోతట్టు కాలనీల్లోకి నీళ్లు ఊరుతూ వచ్చాయి. మా వీధి కూడా. ఇద్దరూ చక్రాల పెట్టె తీసుకుని బయల్దేరారు. బురదలో చక్రాలు కదల్లేదు. చివరికి అరవై దాటిన సారు దాన్ని నెత్తికెత్తుకోవడం అటక మీంచి చూశాను. గుమ్మం దగ్గర అమ్మగారు ఆగి, పైకి చూసి, ఏదో లెక్క వేసుకుని వెళ్లిపోయారు. ఆ లెక్కలో నేను లేను.

వాళ్లు తిరిగొచ్చేదాకా కింద మోకాలి లోతు నీళ్లు, పైన నేను. తలుపు సందులోంచి వచ్చే వెలుగులో నీళ్లు గోడల మీద కదిలేవి. నేను చూసిన మూడో దీవి ఆ అటక. పిల్లలు లేరు, పెద్దలు లేరు, ఫోను లేదు. విశ్రాంతి అంటే అదే అయితే నాకక్కర్లేదు.

నీళ్లు తీశాక అటక మీది సామానంతా కడిగారు. నన్ను వెనక వసారాలో తెరిచి ఆరబెట్టారు. ఆరాక లోపలికి తీసుకోవడం ఎవరికీ గుర్తులేదు. మూత వానకు తడిసింది, గొళ్లెం తీగ తుప్పుపట్టింది. "ఇంకా ఆ పెట్టె పారెయ్యలేదా?" అని అబ్బాయి వీడియోలో అడిగాడు. గొళ్లెం ఎవడు విరిచాడో వాడే. పాత సామాన్ల అతను వచ్చి నన్ను చేత్తో తూచి, పెదవి విరిచి, వచ్చేవారం బండి తెస్తానన్నాడు.

ఆ వారంలోనే వీధి పిల్లి ఒకటి నా కింది చిప్పలోకి దిగి మూడు పిల్లల్ని పెట్టింది. సాటిన్ కుట్లలో మిగిలిన ఇసుకను అది పొద్దున్నే గోళ్లతో గీకుతుంది. ఎక్కడి ఇసుకో దానికి తెలియదు.

బండి వచ్చింది. అమ్మగారు వసారాలోకి వచ్చి, వంగి చూసి, కొంగుతో నా అంచు తుడిచారు. "ఏమండీ, అతన్ని వచ్చే నెల రమ్మనండి. పిల్లలు కళ్లు తెరవనీ," అన్నారు లోపలికి వినపడేలా.

పిల్లి పిల్లలు కళ్లు తెరవడానికి పది రోజులు చాలు. అమ్మగారు నెలన్నారు. మిగతా ఇరవై రోజులు ఎవరి కోసమో నేనడగలేదు.