మూడు గంటల్లో చేర్యాలను చుట్టేయండి
ఒంటరిగా కొత్త ఊరు చూడబోయేవారికి తొమ్మిది చిట్కాలు

నేను చేర్యాలలో మొత్తం మూడు గంటల ఇరవై నిమిషాలున్నాను. అందులో నలభై నిమిషాలు బస్టాండులోనే గడిచాయి. ఇంత అనుభవం సంపాదించాక కూడా నోరు మూసుకుని కూర్చుంటే లోకానికి అన్యాయం చేసినదాన్నవుతాను. అందుకే, ఒక్కపూట సెలవు దొరికితే ముక్కూమొహం తెలియని ఊరికి ఒంటరిగా వెళ్ళి, ఎవరి పొడా తగలకుండా చూసి రావాలనుకునేవారి కోసం ఈ నాలుగు ముక్కలు. చేర్యాల ఉదాహరణకే. ఈ చిట్కాలతో ఏ ఊరినైనా ఇంతే శుభ్రంగా ముగించవచ్చు.

1. ఊరి పేరు ఇంగ్లీషులో కొట్టండి

ఫోను మ్యాపులో ఊరి పేరు తెలుగులో రాయడం చాదస్తం. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఒకే కష్టానికి రెండు ఊళ్ళు తగులుతాయి. ఒకటి సిద్దిపేట జిల్లా చేర్యాల. రెండోది హైదరాబాదు శివార్లలో, కీసర దగ్గరున్న చీర్యాల. అక్కడ లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఉంది. తేడా అంతా చకారానికి ఏత్వమా, గుడిదీర్ఘమా అన్నదాంట్లోనే. గుడిదీర్ఘం పడితే నిజంగానే గుడి ముందు దిగుతారు. స్వామి దర్శనం చేసుకుని, బొమ్మలేసేవాళ్ళ ఇల్లెక్కడని అక్కడ అడిగి చూడండి.

తీరా అసలు ఊరికే వెళుతుంటే, అది ఏ జిల్లాలో ఉందో తెలుసుకునే శ్రమ పెట్టుకోవద్దు. పాత పుస్తకాల్లో వరంగల్ జిల్లా అని ఉంటుంది. 2016 అక్టోబరు 11 నుంచి సిద్దిపేట జిల్లా. అసెంబ్లీ ఓటు జనగామ ఖాతాలో పడుతుంది, పార్లమెంటు ఓటు భువనగిరి ఖాతాలో. ఒకప్పుడు చేర్యాల పేరు మీదే అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది, ఇప్పుడది లేదు. చాయ్ హోటల్లో కూర్చుని ‘మీది వరంగల్ కదా?’ అనండి చాలు. మిగతా సంభాషణ వాళ్ళే నడిపిస్తారు. మీరు లేచి వచ్చేసినా అది ఆగదు.

2. బస్సులో నిద్ర నటించండి

నేను సిద్దిపేట నుంచి పల్లెవెలుగు ఎక్కాను. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం కాబట్టి ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకున్నాను. ఈ పథకంలో నాకు కనిపించిన లోపం ఒక్కటే: మిగతా ఆడవాళ్ళు కూడా ఎక్కుతున్నారు. ఒంటరి ప్రయాణానికి ఇంతకు మించిన ఆటంకం లేదు.

నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఒళ్ళో సంచి, సంచిలో మనవరాలికి సకినాలు. కూర్చోగానే మొదలుపెట్టింది.

“ఒక్కదానివే వచ్చినవా బిడ్డా? ఎవలింటికి వోతున్నవ్?”

ఎవరింటికీ కాదన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూసి రెండు సకినాలు చేతిలో పెట్టింది. తమది నేతపని అంది. ఒకప్పుడు ఇంట్లో మగ్గం మీద గొల్లభామ చీరలు నేసేవాళ్ళట. తల మీద చల్లకుండ పెట్టుకున్న గొల్లభామ చీర అంచులో ఎలా దిగుతుందో చెప్పబోయింది. సిద్దిపేట గొల్లభామ గురించి ఎప్పుడో ఒక వెబ్‌సైటులో చదివేశాను కదా, మళ్ళీ నేసేవాళ్ళ నోట వినడం దేనికి? చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. పాట పెట్టుకోలేదు. పెట్టుకోవాల్సిన అవసరం కూడా లేదు, నటన సహజంగా ఉంటే చాలు. సకినాలు మాత్రం బాగున్నాయి.

3. ‘ఎవలింటికి’ అంటే నొచ్చుకోండి

పట్నంలో మనం ఎవరింటికి వెళ్ళినా పక్కవాళ్ళకు పట్టదు. దాన్నే స్వేచ్ఛ అంటారు. చిన్న ఊళ్ళో బస్సు దిగినప్పటి నుంచి ఎక్కేదాకా ఈ ప్రశ్న వెంటాడుతుంది. కొబ్బరిబోండాల బండివాడు అడుగుతాడు. జిరాక్సు షాపు పిల్ల అడుగుతుంది. నీడకు నిలబడితే ఆ నీడ యజమాని అడుగుతాడు. ఇది మీ వ్యక్తిగత జీవితంలోకి చొరబడడమేనని తీర్మానించుకోండి. ఇంటిపేరు చెబితే ఇల్లు చూపిద్దామని, ఎండన పడి వచ్చారు గనుక మంచినీళ్ళిద్దామని అడుగుతున్నారేమో అన్న అనుమానం పొరపాటున కూడా రానివ్వకండి. ‘ఊరికే చూద్దామని’ అని జవాబివ్వండి. ఊరినే చూడడానికి ఊరు దాటి వచ్చిన మనిషిని వాళ్ళు ఎలా చూస్తారో అదొక్కటి చూస్తే చాలు, టికెట్ డబ్బులు గిట్టుబాటు. జీరో టికెట్టైతే మరీను.

4. దారి మ్యాపును అడగండి, మనిషిని కాదు

మనిషిని అడిగితే ‘జర ముందటికి వొయ్యి యాపచెట్టు కాడ మర్రు’ అంటాడు. అంతటితో వదలడు. ‘ఎవలు కావాలె?’ అంటాడు. చెబితే తానే ముందు నడుస్తాడు. నడుస్తూ కథ చెబుతాడు. గమ్యం చేరేసరికి మీకు ఒక ఊరు సగం తెలిసిపోయి ఉంటుంది. మ్యాపు అలా కాదు. ఒక్క మాట అదనంగా మాట్లాడదు. నన్ను బుద్ధిగా ఒక గోడ దాకా తీసుకెళ్ళి ‘మీరు చేరుకున్నారు’ అంది. అవతలి పక్క నుంచి మేక ఒకటి తల పైకెత్తి చూసింది. ఆ మేక కూడా ‘ఎవలింటికి’ అన్నట్టే ఉంది గానీ, నేను సమాధానం చెప్పలేదు.

5. ముందు వెల, తర్వాత బొమ్మ

చేర్యాల అంటే నకాషీ బొమ్మలు. భౌగోళిక గుర్తింపు కూడా ఉన్న కళ. కానీ మీరు ఊహించుకున్న ఏసీ షోరూము, గాజు అద్దాలు ఉండవు. ఇల్లే కార్ఖానా. ఈ పని పట్టుకుని నిలిచినవి కొద్ది కుటుంబాలే. వాకిట్లో ఒకరు రంగు అద్దుతుంటారు, పక్కన ఇంకొకరు కొబ్బరిచిప్ప మీద ముఖం దిద్దుతుంటారు. ‘లోపలికి రాండ్రి’ అంటారు. చెప్పులు విప్పే లోపే ధర అడిగేయండి.

ఆలస్యం చేస్తే చెప్పడం మొదలుపెడతారు. ఖద్దరు గుడ్డ తెచ్చి, గంజి, సుద్దమట్టి, ఉడకబెట్టిన చింతగింజల జిగురు, చెట్టు బంక కలిపి పూత మీద పూత వేసి ఆరబెడతామంటారు. ఆ పూత లేకుంటే గుడ్డ రంగు తాగేస్తుందంటారు. ముఖాలు రంపపు పొట్టూ చింతగింజల ముద్దా కలిపి చేస్తామంటారు. ఉడుత వెంట్రుకల కుంచె చూపిస్తారు. వెనకంతా ఎరుపు పరిచి, దాని మీద మనుషుల్ని మన పక్కింటివాళ్ళలాగే నిలబెడతారు. పురాణంలోని స్త్రీ అయినా తెలంగాణ కట్టు చీరతోనే, పురాణంలోని పురుషుడైనా రుమాలు చుట్టుకునే. ఇదంతా వింటే ఒక గంట పోతుంది. పైగా విన్నాక బేరమాడడానికి నోరు రాదు. అందుకే వినకుండా బేరమాడాలి. నేను అక్కడ సగానికి సగం తగ్గించమన్నాను. వాళ్ళు నవ్వి చాయ్ పోశారు. బేరంలో అది ఏ రకం ఎత్తుగడో నాకు అర్థం కాలేదు.

గోడ మీద పెద్ద పటం ఒకటి చుట్ట విప్పి చూపిస్తామన్నారు. మూడడుగుల వెడల్పున ముప్పై అడుగులు దాటి సాగే పటాలుంటాయట. వద్దన్నాను. మా ఫ్లాటులో సోఫా వెనక గోడ రెండడుగులే. అందులోకి పట్టే ఒక్క గడి కావాలన్నాను. ‘గట్లనే అడుగుతరు అందరు’ అని ఫ్రేము కట్టిన బొమ్మ ఒకటి తీసిచ్చారు. పులి మీద కూర్చున్న అయ్యప్ప. చక్కగా ఉంది. కొనేశాను.

6. కథ జోలికి పోకండి

ఈ పటాలు సోఫా వెనక్కి పుట్టినవి కావట. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, గౌడులకు ఏనూటివాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు — ఒక్కో కులానికి దాని పుట్టుక చెప్పే పురాణం, ఆ పురాణాన్ని చెప్పే మనుషులు, వాళ్ళ కోసం నకాషీలు రాసిచ్చిన పటం. గొల్లలకు కథ చెప్పే మందహెచ్చులవాళ్ళకైతే పటం బదులు రంగుల బొమ్మలే చేసి ఇచ్చేవాళ్ళు. రాత్రిపూట పటం పై నుంచి ఒక్కో వరుసే విప్పుతూ, కర్రతో బొమ్మను చూపుతూ, పాడుతూ, ఆడుతూ రోజుల తరబడి కథ నడిపేవారు. ఇప్పుడు కథ చెప్పించుకునేవాళ్ళు తగ్గి, పటం ముక్కలై ఫ్రేముల్లోకి చేరింది.

ఊళ్ళు తిరగడంలో ఆ కథలవాళ్ళను ఆదర్శంగా తీసుకోవద్దని గట్టిగా హెచ్చరిస్తున్నాను. వాళ్ళ పద్ధతి పూర్తిగా తప్పు. భుజాన పటం చుట్టతో ఊరికి వచ్చేవారు. ఎవరింటికి వచ్చారో వాళ్ళకు ముందే తెలుసు, ఊరికీ తెలుసు. వచ్చాక నెమ్మదిగా విప్పేవారు. తినమంటే తినేవారు. ఒక రాత్రి కథ మరుసటి రాత్రికి మిగిల్చేవారు. ఈ లెక్కన మూడు గంటల్లో ఏం తిరుగుతాం?

7. ప్రశాంతత కోసం కొమురవెల్లి వెళ్ళండి

పక్కనే కొమురవెల్లి మల్లన్న ఉన్నాడు. జనం లేని చోట కాసేపు మౌనంగా కూర్చోవాలనుకుంటే సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారం వెళ్ళండి. ఆ రోజును పట్నం వారం అంటారు. అంటే హైదరాబాదు అంతా అక్కడే ఉంటుంది. తెల్లచీర కట్టుకోండి. బండారి అనే పసుపు గాలిలో ఎగురుతుంటే ఏ మరకా పడకుండా వచ్చినవారు లేరు, మొదటివారు మీరే కావచ్చు. ఉగాది దాకా ప్రతి ఆదివారం ఇదే వరస. ఒగ్గు పూజారులు మల్లన్న కథ చెబుతుంటారు. గొల్ల కేతమ్మా, మేడలమ్మా అందులో వస్తారు. ‘అందరూ ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉంటారా?’ అని డోలు వాయించేవారి దగ్గరికి వెళ్ళి అడగండి.

ఇంకోమాట. అక్కడ ‘పట్నం వేస్తున్నారు’ అంటే ఊరు కడుతున్నారనుకోకండి. రంగుల పొడులతో నేల మీద వేసే పెద్ద ముగ్గు అది. శివరాత్రి నాటి అర్ధరాత్రి పెద్దపట్నం వేస్తారు, ఆ తర్వాత దాన్నే తొక్కుతారు. గంటలకొద్దీ వేసింది తొక్కేయడమేమిటని మీకనిపిస్తుంది. ఏళ్ళకేళ్ళుగా నిలిచిన ఊరిని మూడు గంటల్లో తొక్కేసి రావడం కంటే అదేం విడ్డూరం కాదని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

8. బైరాన్‌పల్లి వద్దు

ఈ ప్రాంతంలోనే బైరాన్‌పల్లి ఉంది. నేను వెళ్ళలేదు. బస్టాండులో కూర్చున్న ఆ నలభై నిమిషాల్లో ఫోనులో చదివాను. అక్కడ ఒక బురుజుంది. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు ఊరి మీద పడితే ఊరివాళ్ళు ఆ బురుజు నుంచే నాటు ఆయుధాలతో ఎదిరించారు. నిలవలేకపోయారు. దొరికినవాళ్ళను వరుసలో నిలబెట్టి కాల్చారు. ఆ ఒక్క రోజులో తొంభైమందికి పైగా పోయారు. మరో మూడు వారాలకు నిజాం లొంగిపోయాడు.

అలాంటి చోట ఎంతసేపు నిలబడాలో ఏ మ్యాపూ చెప్పదు. అక్కడికి పనికొచ్చే చిట్కా నా దగ్గర లేదు. అందుకే వద్దంటున్నాను.

9. కొన్న బొమ్మను ఎవరికీ చూపించకండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. తిరుగు బస్సులో పొద్దున్నటి పెద్దావిడే మళ్ళీ నా పక్కన పడింది. సంచిలో సకినాలు లేవు. నా ఒళ్ళో పొట్లం చూసి “ఏం గొన్నవ్ బిడ్డా?” అంది. నిద్ర నటించడానికి ఇయర్‌ఫోన్ల కోసం వెతికాను. అవి ఆ ఇంట్లోనే మర్చిపోయినట్టున్నాను, చాయ్ తాగిన చోట. చేసేది లేక విప్పి చూపించాను.

“అయ్యప్పస్వామి,” అన్నాను.

ఆవిడ బొమ్మను తన ఒళ్ళోకి తీసుకుని వెలుతురుకు తిప్పింది.

“గాయన అయ్యప్ప గాదు. భావనారుషి. మా పద్మశాలోళ్ళ దేవుడు.”

తర్వాత ఎవరూ అడగకుండానే చెప్పసాగింది. దేవతలకు కట్టుకుందామంటే బట్టల్లేకపోతే ఆయనే తామరతూండ్ల నుంచి దారం తీసి నేశాడట. సూర్యుడి బిడ్డ భద్రావతిని పెళ్ళాడాడట. చిన్నప్పుడు తమ వాడకు కూనపులివాళ్ళు వచ్చినప్పుడు తాను పటం ముందు పడుకుని, నిద్రపోయి, లేచి, మళ్ళీ విన్నదట. వేలితో పులి వీపు మీద నిమిరింది. ముందు సీట్లోవాళ్ళు ఇద్దరు వెనక్కి తిరిగారు.

“మరి పులి ఎక్కడిది?” అన్నాను.

“గదా? గది ఇంకో వరుసల ఉంటది. నీ బొమ్మల లేదు.” లేచి సంచి సర్దుకుంది. “గది మస్తు పెద్ద కథ. నా స్టేజి వచ్చింది.”

బస్సు ఆగింది. మెట్టు మీద నుంచి వెనక్కి తిరిగి, “మళ్ళెప్పుడన్న వస్తే మా ఇంటికి రా. ఎవలింటికని అడిగితే మా ఇంటికే అని చెప్పు,” అంది.

బొమ్మ ఇప్పుడు సోఫా వెనక గోడకు ఉంది. వచ్చినవాళ్ళంతా అయ్యప్ప బాగున్నాడంటారు. కాదు, భావనారుషి అంటాను. మరి పులి ఎక్కడిదని అడుగుతారు. అందుకే చెబుతున్నాను, ఎవరికీ చూపించకండి.